అత్తమ్మ ముట్టని ఉగ్గుపిండి

మహారాష్ట్రలో చంద్రాపూర్ దగ్గరి ఈ ఘుగ్గుస్‌లో తినే వస్తువును ఎవరూ బయట ఆరబెట్టరు. ఈ సంగతి ఇక్కడ పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. బొగ్గు లారీలు, సిమెంటు లారీలు తెల్లవారేసరికే మొదలవుతాయి. మిరపకాయలు ఎండబోసినా, వడియాలు పెట్టినా సాయంత్రానికి వాటి మీద నల్లటి పొర కూర్చుంటుంది. తెల్లచొక్కాలను కూడా మేము ఇంట్లోనే ఫ్యాను కింద ఆరవేసుకుంటాం. పెళ్ళి చేసుకుని నేను ఈ గని కాలనీ క్వార్టర్‌కు వచ్చి చాలా ఏళ్ళయింది. అయినా ఆ రోజు కడిగిన బియ్యాన్నీ పెసరపప్పునూ తీసుకెళ్ళి డాబా మీద ఎండలో పోశాను.

అంతకుముందు రాత్రి బాగా వాన పడింది. పొద్దున లేచేసరికి ఆకాశం శుభ్రంగా ఉంది. దుమ్మంతా అణిగిపోయి ఉంటుంది కదా, లారీలు మళ్ళీ దాన్ని లేపేలోపు గింజ ఎండిపోతుంది అనుకున్నాను. గోండ్‌పిప్రి దగ్గర మా పుట్టింట్లో ధాన్యమైనా పప్పయినా ఎండలోనే పోస్తారు. ఆ అలవాటు చేతుల్లోంచి పోలేదు. ఇవన్నీ కారణాలే కాని అసలు కారణం కోపం. ఇంట్లో అత్తమ్మ కళ్ళెదుట ఆ పని చేయడం నాకు ఇష్టం లేకపోయింది. నిజానికి ఆ ఉగ్గుపిండి చేయాల్సింది ఆమె. ముట్టనంది. అందుకని నేనొక్కదాన్నే కడిగి, నేనొక్కదాన్నే మోసుకుని మెట్లెక్కాను.

మా చిన్నదానికి అప్పుడే ఆరు నెలలు నిండాయి. ఇక పాలొక్కటే సరిపోవు, మెత్తటి తిండి మొదలుపెట్టండని చంద్రాపూర్‌లో డాక్టరమ్మ చెప్పింది. ఎవరింట్లోనైనా ఇది సంతోషపడే మాట. మా ఇంట్లో మాత్రం ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎందుకంటే చిన్నదానికి ముందు నాకొక కొడుకు పుట్టాడు. వాడు ఈ వయసు దాకా రాలేదు.

అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమెది తెలంగాణ పల్లె. మామయ్యకు ఇక్కడ బొగ్గు గనిలో పని దొరికితే ఆయన వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మామయ్య ఇప్పుడు లేడు. నా భర్త గనిలో డంపర్ నడుపుతాడు. మా క్వార్టర్ల వరుసలో ఏ పిల్లకు అన్నం ముట్టించే రోజులొచ్చినా ముందు మా గుమ్మం దగ్గరికే వచ్చేవాళ్ళు. తెలుగువాళ్ళే కాదు, మరాఠీవాళ్ళూ, బిహారు నుంచి వచ్చినవాళ్ళూ. బియ్యం, పప్పు వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు, పని ఆమెది. నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలి, "గివి కొత్తయి. పిల్ల కడుపు ఉబ్బుతది. పాతయి తెచ్చుకోపో" అని మొహం మీదే చెప్పి పంపేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు.

ఆమె వేయించడం నేను ఎన్నోసార్లు చూశాను. రంగు చూడదు. మూకుడు వైపు కూడా సరిగా చూడదు. గరిటె తిప్పుతూ పక్కింటావిడతో కబుర్లు చెబుతూ ఉండి, మాట మధ్యలో ఆపి మూకుడు దించేసేది. అంతా ముక్కుతోనే. పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చే ఆ క్షణం ఆమెకు తెలుసు. ఇంకొంచెం సేపు ఉంటే మాడు. మాడిన ఉగ్గు పిల్లలు ఉమ్మేస్తారు. అందుకే ఆమె చేతి పిండిని ఉమ్మిన పిల్ల మా వరుసలో లేదు. ఈ మాట ఆమే చెప్పుకునేది, కాస్త గొప్పగానే.

మా పెద్దవాడికి ఐదో నెల నడుస్తుండగానే పిండి చేసింది. మా తమ్ముడు ఊరి నుంచి పాత బియ్యం బస్సులో తెచ్చాడు. "ఇంకా టైముంది గదా అత్తమ్మా, అప్పుడే ఎందుకు?" అన్నాను. "నెల ఎంతల వోతది? నా మనుమని బువ్వ నేను ముందుగల్లనే సదురుకుంట, నీకేంది నడుమ?" అంది. పిండిని స్టీలు డబ్బాలో పోసి, మూత కింద పలుచటి గుడ్డ కట్టి అలమరలో పెట్టింది. వాడు ఏడ్చినప్పుడల్లా ఆ డబ్బా తీసి వేళ్ళతో దాని మీద టకటక కొట్టేది. "ఆగురా, ఆగు. నీ బువ్వ గీండ్లనే ఉన్నది" అనేది. వాడు ఏడుపు ఆపి చప్పుడు వచ్చిన వైపు తల తిప్పేవాడు. తన బువ్వ ఎక్కడుందో వాడికి తెలుసు అనేవాళ్ళం. నవ్వుకునేవాళ్ళం.

చలికాలంలో దగ్గు వచ్చింది. జ్వరం వచ్చింది. చంద్రాపూర్ తీసుకుపోయాం. నిమోనియా అన్నారు. వాడు మళ్ళీ ఇంటికి రాలేదు. ఇంతకంటే నేను రాయలేను.

ఆ తర్వాత మా అమ్మ వచ్చి నన్ను ఊరికి తీసుకుపోయింది. పత్తి ఏరడం అయిపోయి, ఎండలు ముదిరాక తిరిగి వచ్చాను. మొదట నేను చూసింది అలమర. ఆ స్టీలు డబ్బా కడిగి బోర్లించి ఉంది. లోపల ఏమీ లేదు. ఒక్కసారి ఒళ్ళు మండిపోయింది. ఇంకెవరి బిడ్డకో ఇచ్చేసింది అనుకున్నాను. అంత మంచి పిండి, అంత పాత బియ్యం, వృథా ఎందుకని ఇచ్చేసి ఉంటుంది. ఇలాంటి లెక్కలు ఆమెకు బాగా వచ్చు. నా బిడ్డ తినాల్సిన తిండిని ఎవరి పిల్లో తింటూ, మా గోడ అవతలే ఉందేమో. ఏ పిల్ల ఏడుపు వినబడినా అదేనా అనిపించేది. అత్తమ్మను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో వినాల్సి వస్తుంది కదా. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం, ఇద్దరికీ ఉన్నది ఒకే దుఃఖం, అయినా వాడి గురించి ఒక్క మాట అనుకోకుండా కాలం గడిపేశాం.

అప్పటి నుంచి ఆమె ఎవరి పిల్లకూ పిండి చేయలేదు. అడిగితే "కండ్లు అగుపడ్తలెవ్వు" అని పంపించేది. సూదిలో దారం ఇప్పటికీ నాకంటే ముందు ఎక్కించే మనిషి. వచ్చినవాళ్ళకూ తెలుసు. బియ్యం సంచీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కొన్నాళ్ళకు రావడం మానేశారు.

చిన్నది కడుపున పడ్డాక నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. పుట్టాక నూనె పట్టించి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది ఆమే. సాంబ్రాణి పొగ వేసేది ఆమే. ఒక్క తిండి మాట వచ్చేసరికి మనిషి మారిపోయింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. ఉల్లిపాయలు పొట్టు తీస్తూ, తలెత్తకుండా, "దుకాన్ల డబ్బా తెప్పియ్యి" అంది.

"డబ్బా ఎందుకత్తమ్మా, మీరున్నరు గదా?"

"నా చేతితోటి వద్దు."

"ఎందుకు వద్దు?"

"నేను ముందుగల్ల సదిరిన, పిల్లా. పోరడు తినకముందే, ఇంక మస్తు దినాలుండంగనే, అన్ని సదిరి మూత వెట్టిన. గంత తొందరేముండె నాకు? నా చేతులల్లనే ఏదో ఉన్నది."

అది ఊపిరితిత్తుల జబ్బనీ, పిండికీ దానికీ సంబంధం లేదనీ, డాక్టరు కూడా అదే చెప్పాడనీ అన్నాను. వింది. ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. మీ చేతుల్లో దోషముంటే ఆ చేతులతోనే కదా నా కూతురికి రోజూ నీళ్ళు పోస్తున్నారు అని నాలుక చివరిదాకా వచ్చింది. ముక్కు మీద కోపం ఉన్న మనిషినే కాని ఆ మాట ఎక్కడికి పోయి తగులుతుందో తెలియనంత మూర్ఖురాలిని కాను. మింగేశాను.

మా ఆయనతో చెప్పుకుంటే, "అరే, డబ్బా తెస్త తీయ్. అందరు గదే పెడ్తున్రు. అవ్వను పరేషాన్ చెయ్యకు" అన్నాడు. అన్నట్టుగానే డ్యూటీ నుంచి వస్తూ తెచ్చాడు. అలాంటి డబ్బాలను అత్తమ్మ ఇదివరకు "సున్నం పొడి" అనేది. కొన్న తల్లులను వాళ్ళ ముందే ఎగతాళి చేసేది. ఇప్పుడు ఆ డబ్బాను మా ఆయన చేతిలోంచి తీసుకుని, తుడిచి, అలమరలో పెట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

డబ్బా మీద నాకు పగేమీ లేదు. దాన్ని తిని పెరిగిన పిల్లలు మా కాలనీలో బంతుల్లా ఎగురుతున్నారు. నాకు కావాల్సింది వేరు. నా చిన్నది మొదటి ముద్ద వాళ్ళ నాయనమ్మ చేతి మీదుగా తినాలి. పెద్దవాడు చనిపోవడానికి ఆ చేతులే కారణమని ఆమె నమ్మి కూర్చుంది. ఈ బిడ్డకు ఆ చేతులతో పెట్టకపోతే ఆ నమ్మకం ఇక పోదు. చచ్చేదాకా పోదు. నాకు ఆమె మీద కోపం ఉంది, జాలీ ఉంది, పెద్దవాడి డబ్బా ఖాళీ చేసిందన్న పగ కూడా ఉంది. అన్నీ ఉండగానే ఇది మాత్రం కావాలనిపించింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఏడో నెల వచ్చిన నా బిడ్డను నేను ఎన్నడూ చూసి ఎరగను. ఇక్కడి నుంచి అంతా నాకు కొత్తే. ఆ భయాన్ని ఒక్కదాన్నే మోయలేకపోయాను.

పక్క క్వార్టర్ మరాఠీ ఆవిడ గుమ్మంలో నిలబడి "ఉష్టావణ్ కధీ?" అని అడిగింది. ఉష్టావణ్ అంటే వాళ్ళకు బిడ్డకు మొదటి అన్నం తినిపించే వేడుక. అదెప్పుడని అడిగింది మంచి మనసుతోనే. అత్తమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. వేడుకేమీ చేయడం లేదని నేనే చెప్పాను. నిజంగానే ఎవరినీ పిలవాలనిపించలేదు. మా తమ్ముడికి ఫోను చేసి పాత బియ్యం మాత్రం పంపమన్నాను. తెలిసినవాళ్ళ చేతికిచ్చి బస్సులో పంపాడు.

అలా ఆ బియ్యం డాబా మీదికి చేరింది. వంట, చిన్నదాని పాలు, బట్టలు, ఇవన్నీ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. పైకి వెళ్ళి చూస్తే గింజల కింద పరిచిన తెల్లటి పాత పంచె బూడిద రంగులో ఉంది. తడి గింజ దుమ్మును గట్టిగా పట్టేసుకుంది. గుప్పెడు తీసి రుద్దాను. అరచెయ్యి నల్లగా అయింది. నల్లటి బియ్యం చేతిలో పెట్టుకుని అక్కడే నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని కూర్చుని ఏడ్చాను. బియ్యం కోసం కాదు. కడిగితే పోయే దుమ్ముకు ఎవరేడుస్తారు? ఈ పని ఎవరూ నేర్పకుండా చేయాల్సి వచ్చినందుకు, నేర్పే మనిషి కింద గదిలోనే కూర్చుని ఉన్నందుకు ఏడుపొచ్చింది.

బియ్యం ఒక కొసన, పప్పు ఒక కొసన మూట కట్టుకుని దిగాను. అత్తమ్మ చిన్నదాన్ని భుజాన వేసుకుని గుమ్మంలోనే ఉంది. మూటను చూసింది. నా చేతులు చూసింది.

"ఎక్కడ వోసినవ్?"

"డాబా మీద."

"డాబా మీదనా? గీ ఊళ్ళెనా? నిన్న మొన్న వచ్చినవా పిల్లా నువ్వు?"

"రాత్రి వాన పడ్డది గదా అత్తమ్మా. దుమ్ముండదనుకున్న."

"వాన భూమి మీద వడ్డది. లారీలల్ల వడ్డదా?"

ఇంత కష్టంలోనూ నాకు నవ్వొచ్చింది. ఏడ్చిన మొహంతో నవ్వితే ఎలా ఉంటుందో, చిన్నది నన్ను వింతగా చూసింది. అత్తమ్మ నవ్వలేదు. మూట విప్పి, ముందు బియ్యాన్ని బేసిన్‌లో పోయమంది. పోశాక చిన్నదాన్ని నా చేతికిచ్చింది. గింజల మీదికి వంగింది. చెయ్యి ముందుకు చాచింది కూడా. బేసిన్ అంచు దాకా వచ్చి ఆ చెయ్యి ఆగిపోయింది. చీర కొంగుకు తుడుచుకుని వెనక్కి తీసుకుంది. తడవని చేతిని తుడుచుకుంది.

"పిల్లను చాప మీద పండవెట్టి నువ్వే కడుగు. నీళ్ళు తెల్లగ వచ్చేదాంక కడుగు" అంది.

కడిగాను. మొదటి నీళ్ళు గనిలోంచి వచ్చినట్టే ఉన్నాయి. తలప్రాణం తోకకొచ్చాక నీళ్ళు తేరాయి. ఈలోగా ఆమె మా గది కిటికీ రెక్కలు తెరిచి, పాత నూలు చీర ఒకటి తడిపి పిండి, కిటికీకి అడ్డంగా కట్టింది. వేసవిలో వడగాలికి కడతామే, అలాగే. ఇక్కడ అది దుమ్ముకు కూడా పనికొస్తుంది. గాలి వస్తుంది, దుమ్ము తడి గుడ్డకు అంటుకుని ఆగిపోతుంది. ఈ ఊరి ఆడవాళ్ళకు ఇదే ఎండ, ఇదే డాబా. తర్వాత కుర్చీ ఎక్కి బీరువా మీది నుంచి గుడ్డలో చుట్టిన దేన్నో దించింది.

విప్పితే చిన్నపిల్లల దోమతెర. గొడుగులా తెరుచుకుంటుంది. నీలం రంగు, అంచున బాతు బొమ్మలు. పెద్దవాడిది.

వాడి వస్తువులన్నీ నేను ఊళ్ళో ఉన్నప్పుడే తీసేశారనుకున్నాను. చిన్నదానికి కొత్త తెర కొనుక్కున్నాం. ఇది ఇన్నాళ్ళూ నా తల మీదే, బీరువా మీదే ఉంది. అత్తమ్మ దాన్ని తెరిచి, ఒకచోట ఊచ వంగితే సరిచేసి, నేల మీద పరిచిన బట్ట పైన పెట్టింది. "గీండ్ల పొయ్యి. ఫ్యాను ఎయ్యి" అంది. నేను తడి బియ్యం, పప్పు వేరువేరుగా ఆ తెర కింద పరిచాను. బాతుల అంచు కింద వాడు పడుకునేవాడు. ఇప్పుడు అక్కడ బియ్యం ఉన్నాయి.

తెరను ఇంత జాగ్రత్తగా దాచుకున్న మనిషి వాడి పిండిని ఎవరికో ఎలా ఇచ్చేసింది? ఆ ప్రశ్న మొదటిసారి అప్పుడు వచ్చింది.

చిన్నది చాప మీది నుంచి దొర్లుకుంటూ ఆ తెర దగ్గరికి చేరింది. వేళ్ళతో పట్టుకుని లాగింది. అత్తమ్మ దాని వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించి, "నీదే తీయ్, నీదే. గుంజకు" అంది. నేను కిటికీ వైపు తిరిగి చీర సరిచేస్తున్నట్టు నిలబడ్డాను.

మరునాటికి గింజ నోట్లో వేసుకుంటే పటుక్కుమనేంతగా ఆరింది. వేయించడానికి నేనే పొయ్యి దగ్గర నిలబడ్డాను. అత్తమ్మ వంటింట్లోకి రాలేదు. పక్క గదిలో మంచం మీద కూర్చుని చిన్నదాన్ని కాళ్ళ మీద ఊపుతోంది. మధ్యలో గోడ ఉంది. మూకుడులో బియ్యం పోసి గరిటె తిప్పుతున్నాను. గింజ తెల్లబడుతోంది. చాలేమో అనిపించి మంట ఆపబోయాను.

"కాలె. ఇంకింత" అని గోడ అవతలి నుంచి వినబడింది.

తిప్పాను. పొయ్యి సెగకు కళ్ళు మండుతున్నాయి. నాకు ఏ తేడా తెలియడం లేదు.

"ఆ. దించు. దించు జల్ది!"

దించాను. అప్పుడు తగిలింది నాకు ఆ వాసన. కమ్మగా, వెచ్చగా. పెద్దవాడి కోసం వేయించిన రోజున ఇల్లంతా నిండిన వాసన. పప్పు వేయించేటప్పుడూ అంతే. జీలకర్ర వేసినప్పుడూ అంతే. మనిషి అక్కడ, ముక్కు ఇక్కడ. ముట్టనంటే ముట్టలేదు కాని, ఒక్క గింజ మాడనివ్వలేదు. పిండి గిర్నీకి తీసుకుపోనా అంటే, "వద్దు. గాడ మందివి మిరపకాయలు వడ్తరు. ఇంట్లనే మిక్సీ వెట్టు, రెండు మాట్ల జల్లెడ వట్టు" అంది.

మా ఆయన మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు.

"అవ్వ చేసిందా?"

"నేను చేసిన" అన్నాను.

లోపలికి రాలేదు. మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు. మగవాళ్ళు మరిచిపోతారని నేను అనుకునేదాన్ని. వాళ్ళు ఏడవడానికి బూట్లు అడ్డం పెట్టుకుంటారు.

చల్లారిన పిండిని దేంట్లో పోయాలో తోచక నిలబడితే, అత్తమ్మ అలమర వైపు చూపించింది. ఆ స్టీలు డబ్బానే. అప్పటి నుంచి బోర్లించే ఉంది. వేరే ఏ సరుకూ అందులో పోయలేదు ఆమె. తుడిచి పిండి పోశాను. మూత కింద గుడ్డ కట్టాను.

మరునాడు మా ఆయన డ్యూటీకి వెళ్ళాక, ఇల్లు సర్దుకుని, చిన్న గిన్నె పొయ్యి మీద పెట్టాను. పిండిని ముందు చల్లటి నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ ఉడికించాను. దగ్గరపడి, బుడగలు వచ్చి, గరిటె మీది నుంచి మెల్లగా జారేలా అయింది. చుక్క నెయ్యి వేశాను. గిన్నె తీసుకుని ముందు గదిలోకి వచ్చాను. అత్తమ్మ చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని గిన్నె మా ఇద్దరి మధ్యా పెట్టాను.

"పెట్టున్రి అత్తమ్మా."

తల అడ్డంగా ఊపింది. "నువ్వు వెట్టు. తల్లివి."

మళ్ళీ అడిగితే లేచిపోతుందని తెలుసు. అందుకని, "కాలుతుందో ఏమో జర చూడున్రి. నాకు సమజయితలేదు" అన్నాను. మా ఇళ్ళలో బిడ్డకు పెట్టేముందు పెద్దవాళ్ళు నాలుక మీద వేసుకుని చూస్తారు. అది చూడనని ఏ నాయనమ్మా అనదు. ఆమె కాసేపు గిన్నెనే చూసింది. తర్వాత చూపుడు వేలితో అంచున కొంచెం తీసుకుని నాలుకకు రాసుకుంది. కళ్ళు మూసుకుంది. ఎంతకీ తెరవలేదు.

"ఎట్లున్నది అత్తమ్మా?"

"గప్పటి లెక్కనే ఉన్నది" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పటిది ఎవరూ వండలేదు. వాడు తినకముందే పోయాడు. దాని రుచి ఎలా ఉంటుందో ఈమెకు ఎలా తెలుసు?

"గప్పటిది మీరెప్పుడు తిన్నరు?" అన్నాను.

ఆమె కళ్ళు తెరిచింది. నా వైపు చూడలేదు. చిన్నదాని తల వెంట్రుకలు సవరిస్తూ, ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది.

"నువ్వు మీ అమ్మగారింట్ల ఉన్నప్పుడు. మోరీల పొయ్యబోతె చేతులు రాలె. ఆవుకు వెడ్దామంటె మనసు ఒప్పలె. ఇంకో పిల్లకు ఎట్లిత్తు? వాని బువ్వ గది. నీ మొగడు డ్యూటీకి పొయినంక, రోజింత కాసుకొని తిన్న. డబ్బా ఒడిసేదాంక తిన్న."

ఇన్నాళ్ళూ ఏ ఇంటి పిల్ల తిన్నదోనని నేను గోడలకు చెవులు పెట్టి వింటున్నాను. ఈమె ఒక్కతే, ఖాళీ ఇంట్లో, పొయ్యి ముందు కూర్చుని, మనవడి తిండిని గిన్నెలో కాచుకుని ముద్ద ముద్దగా మింగింది. అప్పుడు మా అమ్మ ఒళ్ళో పడి నేను ఏడ్చాను. ఈమెకు ఎవరున్నారు? చెయ్యి చాచి ఆమె మోకాలి మీద పెట్టాను. ఇంతకుముందెన్నడూ అలా పెట్టలేదు. ఆమె ఆ చేతిని తోసేయలేదు.

చిన్నది ఇదంతా ఓర్చుకునే రకం కాదు. గిన్నెలోంచి వస్తున్న వాసనకు ముందుకు ఉరుకుతోంది. కాళ్ళు తన్నుతోంది. నాయనమ్మ వేలి మీద ఇంకా కాస్త ఉగ్గు అంటుకుని ఉంది. చిన్నది రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుని నోట్లోకి లాక్కుంది.

అత్తమ్మ బిగుసుకుపోయింది. చిన్నది మొహం వికారంగా పెట్టింది, నాలుకతో బయటికి తోసింది, మళ్ళీ లోపలికి తీసుకుంది. గడ్డం మీదికి కారింది. కారినదాన్ని అత్తమ్మ వేలితో తీసి తిరిగి దాని నోట్లో పెట్టింది. తర్వాత గిన్నె తన దగ్గరికి లాక్కుని, వేలి కొసతో ఇంకొంచెం తీసింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడానికి ఇప్పుడు ఆమెకు చెయ్యి ఖాళీ లేదు.

"తిను బిడ్డా" అంది. "అంత నువ్వే తిను. నాకు మిగలనియ్యకు."

చిన్నది నోరు తెరిచింది.